అందరిదీ మొదటి నంబరే

ఆసుపత్రి డేటా సెంటర్‌కు కొత్త నెట్‌వర్క్ గీసే పని అక్కడి ఇంజినీరు నెత్తిన పడింది. పాతదాంట్లో ఏ చిన్న మార్పుకైనా తీగలు పీకి మళ్లీ గుచ్చాల్సిందే. కొత్తదాంట్లో ఏ పనికి ఎంత దారి కావాలో రాసిపెడితే చాలు, నెట్‌వర్క్ తనే సర్దుకుంటుంది. అందుకని ఆమె కాగితాలు పట్టుకుని విభాగాలన్నీ తిరిగింది. 'తప్పనిసరిగా ఎంత కావాలి? ఎంతసేపు ఆగగలరు?' అడిగినవి రెండే ప్రశ్నలు.

"మాది ప్రాణాలతో పని. క్షణం ఆగం, మొత్తం కావాలి" అన్నారు ఎక్స్‌రే వాళ్లు. హాజరుపట్టీ వాళ్లూ అక్షరం పొల్లుపోకుండా అదే అన్నారు. ముందు హాల్లో డైరెక్టర్‌గారి ప్రసంగం చూపించే తెరకూ క్షణం ఆగే ఓపిక లేదట.

వంటగది పెద్దావిడను అందరూ వదినగారు అంటారు. ఆవిడ గరిటె పక్కన పెట్టి ఆలోచించింది. "ఏ మంచానికి ఏ పథ్యమో ఆ జాబితా వస్తే చాలమ్మా. పది నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునగవు."

ఇంజినీరు డైరెక్టర్ దగ్గర మొత్తుకుంది. "అందరికీ మొత్తం కావాలంటే ఎలా సార్?"

"ఎలా కావాలంటే అలా సాగే నెట్‌వర్క్ అన్నారుగా! సాగదీయండి."

ఏ విభాగానికైనా మాటిచ్చినంత దారి ఇవ్వలేకపోతే అసలేమీ ఇవ్వకూడదన్న నియమం కూడా ఆయనే పట్టుబట్టి పెట్టించాడు.

పరీక్ష రోజు వచ్చింది. రోగుల పనులు ఇంకా పాత దారిలోనే నడుస్తున్నాయి, కాబట్టి ప్రమాదం లేదు. అందరి ముందూ ఇంజినీరు రెండు పెద్ద తీగల్లో ఒకటి పీకింది. ఎక్స్‌రే ఆగింది. హాజరుపట్టీ ఆగింది. తెర మీద డైరెక్టర్‌గారు నోరు తెరిచినవారు తెరిచినట్టే మాయమయ్యారు.

"అసలేదైనా పనిచేస్తోందా?" గర్జించాడాయన.

ఫోను మోగింది. వదినగారు. "జాబితా వచ్చిందమ్మా. పన్నెండో మంచానికి ఉప్పు లేకుండా, అంతేగా?"

మధ్యాహ్నానికల్లా విభాగాల వాళ్లంతా ఇంజినీరు బల్ల ముందు వరస కట్టారు. "మేమూ కాసేపు ఆగుతాంలెండి" అని గొణుక్కుంటూ కాగితాలు మార్చి రాసిచ్చారు. ఎక్స్‌రే వాళ్ల 'క్షణం ఆగం'ను మాత్రం ఆమె కదపలేదు. రెండో పరీక్షలో తీగ పీకితే ఎవరికీ తెలియను కూడా లేదు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: డైరెక్టర్‌గారి పొదుపు విధానం విజయవంతమైనందున నెట్‌వర్క్ సలహా సంఘానికి వంటగది అధిపతే అధ్యక్షురాలు. ఇంజినీరు ఊసే లేదు. ఆమెకు ఒళ్లు మండింది.

అంతలో తలుపు దగ్గర వదినగారు, చేతులు తుడుచుకుంటూ. "రేపు మీటింగుట. ఇంతకీ ఈ నెట్‌వర్క్ అంటే ఏంటో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోవే తల్లీ!"

నవ్వాపుకోలేక ఇంజినీరు కుర్చీ లాగి వేసింది.