పడవ మీద ఎర్ర గీత

పొద్దున ఏడింటికల్లా బోట్లావిడ రేవు దగ్గరుంటుంది. పడవల్లో నిలిచిన నీళ్ళు డబ్బాతో తోడిపోస్తుంది, సీట్లు తుడుస్తుంది, లైఫ్ జాకెట్లు దులిపి కొక్కేలకు తగిలిస్తుంది. అప్పుడు బ్రష్షు పట్టుకుని ఒక్కో పడవ పక్కన వంగి చూస్తుంది. తొమ్మిది పడవలకీ పక్క చెక్క మీద ఎర్ర గీత ఉంటుంది. చెరిగిన చోటల్లా మళ్ళీ రంగు వేస్తుంది. పడవకున్న మిగతా రంగంతా పెచ్చులూడిపోయినా ఆవిడకి పట్టదు. గీత మాత్రం కనపడాలి.

ఎందుకంటే ఆ సరస్సులో పడవ మనుషుల బరువుతో పాటు వాళ్ళు అనకుండా మింగేసిన మాటల బరువుకి కూడా కిందికి దిగుతుంది. కొన్ని ఊళ్ళలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఇక్కడి నీళ్ళు ఇలా ఉంటాయి, అంతే. టికెట్ల కిటికీ పక్కన బోర్డు మీద రెండే వాక్యాలు రాసుంటాయి. ఈత రానివాళ్ళు జాకెట్ వేసుకోవాలి. చెప్పాల్సింది ఉన్నవాళ్ళు చెప్పేసి ఎక్కాలి.

గీత మునిగిందంటే ఆవిడ పడవని వదలదు. రేవు చివరి చెక్క పలక చూపిస్తుంది. అక్కడ నిలబడి అనాల్సింది అనేసి రావాలి. మామూలుగా చిన్నచిన్నవే ఉంటాయి. "మీ అక్క గొంతు వింటేనే నాకు తలనొప్పి" అని ఒకావిడ, "నీ పుట్టినరోజు మర్చిపోలేదు, బద్ధకమేసింది" అని ఒకాయన అనేసి, తేలిగ్గా ఎక్కి కూర్చుంటారు. ఒకసారి ఇద్దరన్నదమ్ములు రెండు గంటలు అరుచుకుని, పడవ సంగతే మర్చిపోయి చెరో బస్సూ ఎక్కి పోయారు.

వేసవిలో రేవు ఖాళీగా ఉండదు. సరదాకి వచ్చేవాళ్ళు కొందరైతే, ఫోన్ కోసం వచ్చేవాళ్ళు ఇంకొందరు. చుట్టూ కొండలుండటంతో ఊళ్ళో ఎక్కడా సిగ్నల్ రాదు. సరస్సు మధ్యలో పసుప్పచ్చ డ్రమ్ము ఒకటి తేలుతుంటుంది. దాని దగ్గరికి వెళితేనే ఫోన్ పలుకుతుంది.

ఆ శుక్రవారం తొమ్మిదీ నలభైకి రేవు మీద పీ... అని విజిల్ వినపడింది. బోట్లావిడ ఉలిక్కిపడింది. చూస్తే డ్రిల్లు మాస్టారు. బళ్ళో పిల్లల్ని వరసలో నిలబెట్టే విజిలు ఆయన సెలవులకి కూడా మెళ్ళో వేసుకొచ్చాడు. వెనకాల ఆయన తండ్రి, రిటైరైన బస్సు కండక్టరు. ఆయన వెనక పద్నాలుగేళ్ళ కూతురు. అందరికంటే వెనక, నాలుగు సంచులూ మోసుకుంటూ మాస్టారి భార్య.

మాస్టారి జేబులో ఒక కాయితం ఉంది. ఆరున్నరకి లేవడం, ఏడుంబావుకి టిఫిను అంటూ సెలవులన్నీ గళ్ళు గీసి పెట్టాడు. మొదటిరోజు కొండెక్కారు. సంచులతో ఎక్కలేం కదా, ఒకరుండాలి కదా అని మాస్టారి భార్యని కింద రాయి మీద కూర్చోబెట్టారు. రెండోరోజు సరస్సు చుట్టూ సైకిళ్ళు తొక్కారు. మూడే దొరికాయి. తాతగారు కూడా తొక్కాడు, ఆవిడ మాత్రం సంచుల దగ్గరుంది. మూడోరోజు ఈత కొట్టారు. బట్టలూ వాచీలూ ఎవరో ఒకరు చూడాలిగా! ఏడాదంతా ఎదురుచూసిన సెలవులు. కొండా సైకిలూ నీళ్ళూ వాళ్ళకి, నాలుగు సంచులు ఆవిడకి. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతోంది, ఆవిడకెలా ఉండాలి?

ఆవిడకి అంతకంటే పెద్ద మంటే ఉంది. ఆవిడ పని కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీయడం. పదకొండేళ్ళుగా తిరిగే చక్రం ముందు నిలబడి, బొటనవేలితో అద్దం అంచు తడిమి, ఎక్కడ వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తుంది. ఆవిడ చేతి అద్దం బాలేదని ఇంతవరకూ ఒక్కరూ తిరిగి తేలేదు. మూడు గంటల దూరంలో ఇంకో ఊళ్ళో కొత్త వర్క్‌షాపు పెడుతున్నాననీ, మేస్త్రిగా వచ్చి దాన్ని మొత్తం చూసుకోమనీ ఓనరు మేడం నెల కిందట ఫోన్లో రాసింది. వారంలో ఐదు రోజులు అక్కడే ఉండాలి. ఆలోచించుకుని చెబుతానని మాస్టారి భార్య జవాబిచ్చి, ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పింది. మాస్టారు పేపర్లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నాడు.

సెలవులకి వస్తుంటే ఘాట్ రోడ్డు మీద, చివరి మలుపులో, ఆవిడ ఫోన్ మోగింది. మేడం మెసేజు. "మీరు కుదరదని రాసినందుకు బాధగా ఉంది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి వేరే ఆవిడకి మాటిస్తున్నాను. ఆలోపు మనసు మార్చుకుంటే చెప్పండి." కుదరదని తనెప్పుడు రాసింది? పాత మెసేజుల్లోకి వెళ్ళి చూస్తే ఉంది. తన ఫోన్లోంచి, తన పేరుతోటే. "నాకు ఇంటి బాధ్యతలున్నాయి, క్షమించగలరు." క్షమించగలరు అనే మాట ఆవిడ జన్మలో వాడలేదు. బళ్ళో నోటీసు బోర్డు మీద మాస్టారే రాస్తాడు ఆ మాట.

మలుపు తిరగ్గానే సిగ్నల్ పోయింది. పిల్ల కిటికీలోంచి సరస్సు చూసి ఎగిరి గంతేసింది. ఇప్పుడు నోరు విప్పితే పిల్ల సెలవులు పాడవుతాయని మాస్టారి భార్య పళ్ళ బిగువున ఊరుకుంది. మర్నాడు కాయితం చూసింది. శుక్రవారం పడవలు. పడవైతే డ్రమ్ము దాకా వెళుతుంది. "వస్తాను" అని మెసేజు కొట్టి ఉంచుకుంది. గుట్టుగా పంపేసి, ఇంటికెళ్ళాక చెప్పుకోవచ్చు అనుకుంది. ఊరికి కొత్త కదా, ఇక్కడ పడవలో గుట్టు సాగదని తెలీదు.

నలుగురూ ఎక్కారు. పడవ బుడుంగుమని దిగింది. గీత మీద నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళొచ్చాయి.

"బోర్డు చదివారా బాబూ?" అంది బోట్లావిడ. "మీలో ఎవరో ఏదో దిగమింగారు."

"మా ఇంట్లో దాపరికాలు లేవు. సంచుల బరువై ఉంటుంది" అని మాస్టారు నాలుగు సంచులూ రేవు మీదికి విసిరాడు. గీత కదల్లేదు.

కండక్టరు తాతగారు దగ్గాడు. "నేను సిగరెట్లు మానలేదురా. మందులషాపు దాకా అని వెళ్ళేది అందుకే." పడవ ఒక వేలు లేచింది. మాస్టారు గుడ్లురిమాడు.

"నాకు నీ విజిలంటే అసహ్యం నాన్నా" అంది పిల్ల, ఎప్పుడు అడుగుతారా అని చూస్తున్నట్టు. "సెలవుల్లో కూడా డ్రిల్లేనా? నా ఫ్రెండ్సెవరూ ఆరున్నరకి లేవట్లేదు!" పడవ ఇంకో వేలు లేచింది.

ఇంకా రెండు వేళ్ళ నీళ్ళున్నాయి. "ఒక్కొక్కరే దిగండి, తెలిసిపోతుంది" అంది బోట్లావిడ. తాతగారు దిగాడు, ఎక్కాడు. పిల్ల దిగింది, ఎక్కింది. మాస్టారు దిగాడు. గీత మునిగే ఉంది, ఆయన మళ్ళీ ఎక్కాడు. మీకు అనుమానం రావచ్చు, ఆ దొంగ జవాబు రాసింది ఆయనే కదా, బరువు ఆయనది కాదా అని. కాదు. ఆయన ఆ సంగతి దాచలేదు, మర్చిపోయాడు. మర్చిపోయినదానికి బరువుండదు. నాకు కడుపు రగిలేది అక్కడే!

మాస్టారి భార్య దిగింది. పడవ ఒక్క ఉదుటున పైకి లేచి, పిల్ల మొహం నిండా నీళ్ళు చిందాయి.

మాస్టారు పకపకా నవ్వాడు. "అదీ సంగతి! బరువంతా నీదన్నమాట. సర్లే, నువ్వు సంచుల దగ్గర కూర్చో. మేం తిరిగొచ్చేస్తాం. పదింబావైంది, ఇప్పటికే లేటు." అని విజిలూదాడు.

ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ సంచి పట్టీ అందుకుంది. టికెట్ల కిటికీ మీది గడియారం చూసింది. పన్నెండు దాటితే ఆ వర్క్‌షాపు ఇంకొకరిది. పట్టీ వదిలేసింది.

"చివరి పలక ఖాళీగానే ఉందమ్మా" అంది బోట్లావిడ.

ఆ రేవు కూడా డ్రమ్ముల మీద తేలేదే. ఆవిడ చివరి పలక మీదికి వెళ్ళి నిలబడేసరికి అది కిందికి ఒరిగి, నీళ్ళు చెప్పులు దాటి చీలమండల దాకా వచ్చాయి.

"ఏవండీ, మా మేడంకి జవాబు మీరు రాశారా?"

"ఏ మేడం? ఏం జవాబు?" అన్నాడు మాస్టారు. తర్వాత గుర్తొచ్చింది. "ఓ, అదా! ఆ రోజు నీ ఫోన్ నా పక్కనే ఉంది. నువ్వెలాగూ కుదరదనేగా అంటావు. నీకెందుకు శ్రమ అని నేనే కొట్టేశాను."

"శ్రమా?" అందావిడ. టికెట్ల వరసలో ఐస్‌క్రీము తింటున్న పెద్దమనిషి తినడం ఆపాడు. "పొద్దున్నే లేచి నలుగురికీ వండి, పది గంటలు చక్రం ముందు నిలబడి వచ్చి మళ్ళీ వండితే ఆ శ్రమ ఎప్పుడూ కనపడలేదు మీకు! నా నోట్లో మాట నేను అనడం శ్రమా? నా పేరు పెట్టి, నా వేళ్ళతో కొట్టినట్టు కొట్టి, క్షమించగలరు అంటారా? ఎవర్ని క్షమించమన్నారు? నేనేం తప్పు చేశాను?"

పలక కొంచెం లేచింది, నీళ్ళు చీలమండల కిందికి దిగాయి.

"పదకొండేళ్ళు! వేలిముద్ర అరిగిపోయేదాకా చేశాను ఆ పని. మీలాంటి చెయ్యి ఇంకొకరికి లేదని ఆవిడ పిలిస్తే, మీకు గుర్తు కూడా లేదు. మూడు రోజుల్నించి ఈ దరిద్రపు సంచుల పక్కన కూర్చుని మండిపోతున్నాను. ఒక్కరైనా, అమ్మా నువ్వు కూడా కొండెక్కు అన్నారా? నీళ్ళలో కాలైనా పెట్టమన్నారా? సంచులు ఎవడెత్తుకుపోతే నాకేంటి! నేను వెళుతున్నాను. మేస్త్రిగా వెళుతున్నాను. కుదురుతుంది. నాకు బ్రహ్మాండంగా కుదురుతుంది!"

ఆఖరి మాటకి పలక జానెడు పైకి లేచి, రేవంతా పడవ వైపు వాలింది. నాలుగు సంచులూ జారుకుంటూ వెళ్ళి పడవ తాడు దగ్గర ఆగాయి.

ఆవిడ వచ్చి పడవలో కూర్చుంది. పక్షి వాలినట్టే ఉంది, పడవ ఒక్క పిసరు దిగలేదు. కానీ మరుక్షణం మాస్టారు కూర్చున్న వైపు మూడు వేళ్ళు కుంగింది.

"మళ్ళీ ఏమొచ్చింది? అంతా బయటపడిందిగా! నేనేం దాచాను?" అన్నాడాయన.

"ఇప్పుడు మీరు అనాల్సింది మీ దగ్గర ఉండిపోయింది బాబూ" అంది బోట్లావిడ.

మాస్టారు నోరు తెరిచాడు. పిల్ల, తాతగారు, వరసలో జనం, అందరూ ఆయన్నే చూస్తున్నారు. "అయినా నువ్వు కూడా గట్టిగా చెప్పి ఉండాల్సింది" అన్నాడు. పడవ అంచు దాటి నీళ్ళు లోపలికొచ్చాయి. పిల్ల కెవ్వుమంది.

"దిగరా" అన్నాడు తాతగారు.

"నేనా?"

"దిగరా నాయనా, అందర్నీ ముంచుతావు!"

మాస్టారు దిగాడు. "మరి... సంచులో?"

"మీరున్నారుగా" అందావిడ.

తాతగారు ముప్పయ్యేళ్ళ అలవాటుతో పడవ చెక్క మీద దబదబా చరిచి "రైట్, రైట్!" అని కేకేశాడు. పడవ కదిలింది.

ఎంత తేలిగ్గా ఉందంటే, తెడ్డు నీళ్ళకి అందక పిల్ల సగం బయటికి వంగి తొయ్యాల్సి వచ్చింది. పసుప్పచ్చ డ్రమ్ము చేరేసరికి పదకొండుంబావు. ఫోన్ వరసగా మోగింది. ఆవిడ మూడు రోజుల కిందట కొట్టిపెట్టుకున్న మెసేజు చెరిపేసి, నంబరు నొక్కింది.

"మేడం, ఆ జవాబు నేను రాసింది కాదు. నా జవాబు ఇప్పుడు నా నోటితో చెబుతున్నాను. వస్తున్నాను."

 మేడం అంది, "క్షమించగలరు అని చూసినప్పుడే అనుకున్నాను, మీ మాటలా లేదని. ఒకటో తారీకు వచ్చెయ్యండి. చక్రాలు మీరే చూసి కొనాలి."

"అమ్మా, నేను తెడ్డేస్తాను, నువ్వు నీళ్ళలో కాళ్ళు పెట్టుకో" అంది పిల్ల. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని రెండు కాళ్ళూ నీళ్ళలో వేలాడేసింది. అవతలి ఒడ్డు చేరేదాకా తియ్యలేదు.

భోజనం అవతలి ఒడ్డునే అని కాయితంలో ఉంది, పన్నెండున్నరకి. పడవ ఎక్కనివ్వకపోతే ఒడ్డు వెంట ఏడు కిలోమీటర్లు నడవాలి. ముగ్గురూ అక్కడి హోటల్లో తినేసి కూర్చున్నాక, రెండింటికి, దూరంగా దారి మీద మాస్టారు కనిపించాడు. భుజాలకి రెండు, చేతుల్లో రెండు. వచ్చి సంచులు దింపాడు. చొక్కా చెమటకి ఒంటికంటుకుపోయింది. చాలాసేపు ఆయాసపడి, నేల చూస్తూ "తప్పు నాదే" అన్నాడు.

అద్దాల మేస్త్రి ఆయన వంక చూసింది. "రేపు పడవలో కూర్చుని అనండి. గీత చూసి నమ్ముతాను."

మర్నాడు బోట్లావిడ బ్రష్షు పట్టుకుని వచ్చేసరికే మాస్టారు మెళ్ళో విజిల్ లేకుండా పడవలో కూర్చుని ఉన్నాడు. ఒడ్డున మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన ఆ మాట నాలుగుసార్లు అనాల్సి వచ్చింది. నాలుగోసారికి గీత సగం బయటపడింది. మిగతా సగం ఇంకా నీళ్ళలోనే ఉంది.

ఒకటో తారీకున అద్దాల మేస్త్రి బస్సెక్కింది. ఆవిడ చేతిలో ఒక్కటే సంచి ఉంది, తనది.