బట్ట లేని మీటర్లు

గైడ్ సంతోష్‌రావు సార్ ఫోన్ చేసేసరికి, సెలవుకు ఇంటికొచ్చిన వనజ తన తల్లి శంకరవ్వ పక్కనే కూర్చుని ఉంది. శంకరవ్వ మోటారు రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. ఆ చప్పుడులో మాట వినబడక వనజ చేత్తో సైగ చేస్తే రాట్నం ఆపింది. ఆపి, తనకేం పట్టనట్టు ముఖం అటు తిప్పుకుంది గాని చెవి మాత్రం ఇటే ఉంది.

“వనజా, నీ నోట్‌బుక్కూ చిప్పులూ ఒక్క దగ్గర కుదురుతలేవు,” అన్నాడు సార్. “ఏప్రిల్ పద్దెనిమిది నుంచి ఇరవై మూడు దాకా, ఆరు రోజులు. నీ బుక్కులో పిట్టలు ఎప్పటిలెక్కనే రోజుకోసారి గూటికి వచ్చినై. చిప్పుల్లో చూస్తే యాభై, అరవై గంటలు సముద్రం మీదనే ఉన్నై. రెట్టింపు దూరం పోయినై.”

వనజ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

“ఆ వారం గాలివాన ఉండె గదా. చిప్పులే తప్పి ఉంటై. తొమ్మిది చిప్పులూ ఒక్క పెట్టెలోనే వచ్చినై మనకు, చెడితే అన్నీ చెడుతై. నువ్వైతే కండ్లతోని చూసినవు. ఆ ఆరు రోజుల చిప్పుల లెక్క తీసేద్దాం. పోయినేటికి, ఈ ఏటికి పెద్ద తేడా లేదని రాద్దాం. సోమవారం రిపోర్టు పోవాలె. నువ్వు సరే అంటే చాలు.”

“సాయంత్రం చెప్త సార్,” అంది వనజ.

రెండేళ్ళుగా ఆమె పని ఇదే. కొంకణం ఒడ్డు నుంచి పడవలో గంటన్నర పోతే ఒక రాతి దిబ్బ వస్తుంది. వానకాలం ముందు అక్కడ సముద్రపు పిట్టలు గుడ్లు పెడతాయి. నల్లటి నెత్తి, చీలిన తోక. జంటకు ఒక్కటే గుడ్డు. ఒకటి గుడ్డు మీద కూర్చుంటే రెండోది వేటకు పోతుంది. అది వచ్చాక ఇది లేస్తుంది. పెద్ద చేపలు కింద నుంచి తరిమితే చిన్న చేపలు నీళ్ళ పైకి వస్తాయి. అక్కడే వీటికి తిండి. ఆ చోటు ఒక వారం దిబ్బకు దగ్గరగా ఉంటుంది, ఇంకో వారం కంటికి అందనంత దూరం జరుగుతుంది. ఏ వారం ఎంత దూరం పోతున్నాయి, ఎంతసేపటికి వస్తున్నాయి, ఒక ఏటికీ ఇంకో ఏటికీ ఏం మారింది అన్నది తేల్చడమే వనజ చదువు.

పిట్ట వీపు మీద కట్టిన చిప్పు అది సముద్రం మీద ఎక్కడెక్కడ తిరిగిందో చెబుతుంది. గూటి దగ్గర ఏం జరిగిందో దానికి తెలియదు. దానికి మనిషి కళ్ళు కావాలి. అందుకే వనజ రాళ్ళ మధ్య చిన్న గుడారంలో పొద్దంతా కూర్చునేది. పద్నాలుగు గూళ్ళు. గంటకో గడి. ఏ పిట్ట లేచింది, ఏది వచ్చి కూర్చుంది, గుడ్డు ఉందా లేదా.

ఏప్రిల్‌లో శంకరవ్వకు పిత్తాశయంలో రాళ్ళని కరీంనగర్‌లో ఆపరేషన్ చేశారు. వనజ ఆరు రోజులు ఇంటికి వచ్చి ఉంది. తన గూళ్ళు చూడమని తోటి స్కాలర్ అరుణ్‌కుమార్‌కు బుక్కు అప్పగించింది. తిరిగి పోయేసరికి అతడు బుక్కు అట్లాగే చేతికిచ్చాడు. “గాలికి పడవ కదలలే వనజా, ఒక్క దినం సుత పోలే,” అన్నాడు.

దిబ్బ మీద గుడారంలో కూర్చుని ఆమె ఆ పేజీలు తిప్పింది. ఆరు తెల్లటి పేజీలు, అన్నీ ఖాళీ గళ్ళే.

ఖాళీ గడి అంటే ఏమిటో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సిరిసిల్లలో వాళ్ళ బాపు పర్శరాములు ఒక కార్ఖానా ఆసామి దగ్గర ఎనిమిది సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతాడు. ఏ రోజు ఎన్ని మీటర్ల బట్ట దిగిందో కార్డు మీద గడిలో రాస్తారు. ఆమె నాలుగో తరగతిలో ఉండగా బాపుకు టైఫాయిడ్ వచ్చింది. పన్నెండు గళ్ళు ఖాళీ. లేచి పోయేసరికి ఆ సాంచెల మీద ఇంకొకడు ఉన్నాడు. అప్పటి నుంచీ ఆ కార్ఖానాలో ఒక పద్ధతి. ఎవరింట్లో చావైనా పెళ్ళయినా పక్క సాంచెల మనిషి అతనివి కూడా నడిపి, అతని కార్డు మీదే రాస్తాడు. శంకరవ్వ ఆపరేషన్‌కు కూడా అంతే జరిగింది. నాలుగో రోజు పక్క సాంచెల హనుమండ్లు ఆస్పత్రికి వచ్చి, జేబులోంచి కార్డు తీసి చూపించాడు. “చూడే అన్నా, ఒక్క గడి ఖాళీ లేదు. నువ్వు మా వదినెను చూస్కో.” అది చూసి మంచం మీద శంకరవ్వ కళ్ళు తుడుచుకుంది.

ఆ కార్డు కళ్ళలో ఉండగానే వనజ గుడారంలో పెన్ను తీసింది. అంతకు ముందు ఆరు రోజుల గళ్ళు చూసి, ఒక పిట్టను ఇరవై నిమిషాలు ముందు, ఇంకోదాన్ని అరగంట ఆలస్యంగా రప్పించింది. నిన్న ఎట్లున్నాయో ఇవాళ అట్లనే ఉంటాయి అనుకుంది. తప్పు చేస్తున్నట్టు కూడా అనిపించలేదు. చివరి పేజీ దగ్గర లేచి చూస్తే నాలుగు గూళ్ళలో గుడ్లు లేవు. ‘పీతలు తిన్నవి’ అని రాసింది.

“ఏందే, ఏమంటుండు మీ సారు?” శంకరవ్వ అడిగింది.

“ఏం లేదవ్వా.”

“ఏం లేనిదానికి గంతసేపు మాట్లాడుతడా? పిట్టలకు ఏమన్న అయిందా?”

“పిట్టలకేమైతది. జర ఊకో అవ్వా.”

“ఊకుంట తియ్యి. మొన్న పక్కింటి భూమవ్వ అడిగితే, మా బిడ్డ పిట్టలు ఎప్పుడు ఇంటికొస్తున్నయో రాస్తది అన్న. ‘మా ఆయినె ఎప్పుడొస్తడో రాసేటోళ్ళుంటే చెప్పు’ అన్నది.” శంకరవ్వ నవ్వి, బిడ్డ నవ్వలేదని చూసి, రాట్నం మీటకు చెయ్యి పెట్టింది. “పో, మీ బాపుకు సద్ది ఇచ్చి రా.”

వనజ పోయేసరికి కార్ఖానాలో కరెంటు లేదు. సాంచెలన్నీ ఆగిపోయి చెవుల్లో గుయ్‌మని మోత మిగిలింది. పర్శరాములూ హనుమండ్లూ బయట అరుగు మీద కూర్చున్నారు.

“వచ్చింది సముద్రం పిల్ల,” అన్నాడు హనుమండ్లు. “ఏం తెచ్చినవ్? చేపల కూరనా?”

“తోటకూర పప్పు కాకా.”

“గా పిట్టలు నీకంటే నయం.”

పర్శరాములు డబ్బా మూత తీసి తినడం మొదలుపెట్టాడు. వనజ గడప పక్కన నిలబడింది. అడగాలనుకున్నది నోట్లోకి వచ్చి వెనక్కి పోతోంది.

“బాపూ, అవ్వ ఆపరేషన్ అప్పుడు కాకా నీ కార్డు రాసిండు గదా. నువ్వు లేకుంట నీ పేరు మీద రాస్తే, తప్పు కాదా అది?”

పర్శరాములు తలెత్తి చూశాడు. “ఏం తప్పు? ఆసామికి సుత తెలుసు. బట్ట దిగింది గదా. గీనె పదహారు సాంచెల నడుమ ఉరికిండు ఆరు రోజులు.”

“కాళ్ళు పట్టేసినై,” అన్నాడు హనుమండ్లు. “ఆరు రోజులు మా ఇంటామె ఆముదం రాసింది. ఆ లెక్క ఏ కార్డు మీద లేదు.”

వనజ చెప్పింది. ముందు ముక్కలుగా, తర్వాత ఆగకుండా. పడవ పోలేదని, గళ్ళు ఖాళీగా ఉన్నాయని, తనే నింపిందని. ఇప్పుడు చిప్పులు వేరే చెబుతున్నాయని, సార్ చిప్పులను కాదని తన రాతనే నమ్ముతున్నాడని.

హనుమండ్లు నవ్వబోయి ఆగాడు. “అంటే, పిట్టల సాంచెలు ఎవరూ నడపలే. మీటర్లు మాత్రం రాసినవ్.”

పర్శరాములు ముద్ద డబ్బాలోనే వదిలేశాడు. 

“హనుమండ్లు రాసిన దానికి బట్ట ఉన్నది బిడ్డా. ఎవరన్న వచ్చి కొలుస్తనంటే బట్ట తాను విప్పి పరుస్తం. మరి నీ దానికి బట్టేది?”

“లేదు బాపూ.”

“మరి గా సారు నీ మాట మీద, ఉన్న బట్టను పారేస్తనంటుండు.”

కరెంటు వచ్చింది. సాంచెలు ఒక్కసారిగా మొదలయ్యాయి. పర్శరాములు సగం తిన్న డబ్బా మూసి ఆమె చేతికిచ్చి లోపలికి పోయాడు. 

ఇంటికి వచ్చాక శంకరవ్వకు చెప్పక తప్పలేదు. ఎంగిలి డబ్బా చూసి ఆమె వదలలేదు.

అంతా విని శంకరవ్వ గోడకు ఒరిగింది. “నా కోసం వచ్చుడే అయింది నీకు. నేను చెప్తనే ఉన్న మీ బాపుకు, పిల్లకు ఫోన్ చెయ్యకు, పరేషాన్ అయితది అని.”

“నువ్వేం జేస్తవ్ అవ్వా.”

“సారుకు చెప్తే?”

“స్కాలర్‌షిప్ ఆపుతరు కావచ్చు. సీటే తీసేస్తరు కావచ్చు. తెల్వదు.”

“చెప్పకుంటే?”

“ఏం గాదు.”

“మరింకేంది,” అంది శంకరవ్వ. గొంతు తగ్గించింది, ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు. “మనిషికి అక్కరొచ్చి ఇంటికొచ్చినవ్. ఎవరి సొమ్మన్న తిన్నవా? ఆరు రోజులే గదా. చెప్తే పోయిన గుడ్లు తిరిగొస్తయా?”

 తల్లి అన్న మాటే తను కూడా పొద్దుటి నుంచి అనుకుంటోంది. లాప్‌టాప్ తెరిచి సార్ పంపిన పటం చూసింది. నీలం మీద తొమ్మిది సన్నటి గీతలు. అంతకుముందు వారాల గీతలు దిబ్బ చుట్టూ పూరేకుల్లా దగ్గరగా ఉన్నాయి. ఆ ఆరు రోజుల్లో అన్నీ పడమటికి సాగి, ఎక్కడో మలుపు తిరిగి, వెతికి వెతికి, ఆలస్యంగా వెనక్కి వచ్చాయి. పోయిన ఏడు ఒక్క పిట్ట కూడా అంత దూరం పోలేదు. రెండేళ్ళ చదువులో కొత్తగా తెలిసింది ఇదొక్కటే. దాన్ని కొట్టివేయడానికి తన రాత ఒక్కటి సరిపోతోంది.

ఆమె బుక్కు తీసి ఆరు పేజీలకూ అడ్డంగా గీత కొట్టింది. ప్రతి పేజీ మీదా ‘చూడలేదు’ అని రాసింది. పీతల మాట కూడా కొట్టేసింది. తర్వాత వాకిట్లోకి పోయి ఫోన్ చేసింది.

సార్ మధ్యలో అడ్డం రాలేదు.  ఫోన్ కట్ అయిందేమోనని ఆమె తెర చూసుకుంది.

“ఇంకెన్ని పేజీలు ఉన్నై అట్లాంటివి?” అని అడిగాడు చివరికి.

“ఇంకేం లేవు సార్. గవి ఆరే.”

“గిది పొద్దున నన్ను ఎవరన్న అడిగితే, ఆరు సుత లేవనే అనుకుంటుంటి గదమ్మా.”

వనజ వాకిట్లోనే అరుగు మీద కూర్చుంది.

“రెండేండ్ల పేజీలన్నీ చిప్పులతోని పెట్టి చూడాలె ఇగ. చిప్పు లేని గూళ్ళు ఐదున్నై, వాటికి ఏం చెయ్యాలెనో నాకు తెల్వదు. సోమవారం ఏం పంపకు. కమిటీకి నేనే చెప్పాల్సి ఉంటది.” ఒక క్షణం ఆగి, “అమ్మ మంచిగున్నదా?” అన్నాడు.

“మంచిగుంది సార్.”

ఆమె లోపలికి వచ్చేసరికి పర్శరాములు పని దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఒంటి నిండా నూలు పొట్టు.

“చెప్పినవా?”

“చెప్పిన. రెండేండ్లది మొత్తం కొలుస్తడట.”

“కొలవనియ్యి,” అన్నాడు. కాని తువ్వాల అందుకుని ముఖం తుడుచుకోవడం మరచిపోయి చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

శంకరవ్వ పొద్దుటి నుంచి అట్లాగే ఉన్న కండెల గంప ముందు కూర్చుంది. రాట్నం తిప్పలేదు.

“వనజా, గా గుడ్లు పోయిన గూళ్ళల్ల... ఒకటి సముద్రం మీద చిక్కుకుంటే, ఇంటికాడ కూసున్నది తిండి లేక లేచి పోయిందంటవా?”

“పోయి ఉంటది.”

“ఎన్ని దినాలు చూసి పోయిందో?”

గూట్లో కూర్చున్నది ఎప్పుడు లేచి పోయిందో చిప్పులు చెప్పవు. రోజూ గంటకో గడి గీసింది ఆ ఒక్క సంగతి కోసమే.

“తెల్వదవ్వా,” అంది వనజ. “చూడలే.”