ఆదోని పిల్లవాడి చొక్కా

శ్రీవాణికి అక్క లేదు. కన్నవాళ్లకు ఆమె ఒక్కతే కూతురు. అయినా మైదుకూరులో ఆమె దగ్గర పిల్లల బట్టలు కొనే ఆడవాళ్లందరికీ శ్రీవాణి అక్క ఆదోనిలో కాపురముంటుందని, ఆ అక్కకు ప్రణీత్ అనే కొడుకున్నాడని, వాడు పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా తుమ్మలేదని తెలుసు. తెలియనిదల్లా ఆ తల్లీ కొడుకూ ఈ భూమ్మీద పుట్టనేలేదన్న సంగతి.

మొదట్లో వ్యాపారం ధర్మంగానే సాగింది. మామగారి చిల్లరంగడి పక్కన బెల్లం దిమ్మెలు పెట్టే గది ఖాళీ చేయించి, రెండు బీరువాలు వేసి, పిల్లలు నాలుగుసార్లు తొడిగి వదిలేసిన బట్టలు అమ్మకానికి పెట్టింది. పుట్టినరోజుకు కుట్టించిన పట్టులంగా ఉగాదికి మోకాళ్ల మీదికి ఎక్కుతుంది. అలాంటివి తెలిసినవాళ్లు మూటగట్టి ఇస్తే, ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి పెట్టేది. బీకాం చదివింది, పైగా వ్యాపారస్తుల ఇంటి కోడలు. కొనేవాళ్లు ఏమడిగినా చెప్పగలనని ఆమెకు గొప్ప ధీమా.

కొనేవాళ్లు ఒక్కటే అడిగారు. రంగు పోతుందా అని కాదు, నూలా కాదా అని కాదు.

"ఎవురి బిడ్డ తొడిగిన బట్టలమ్మా ఇవి?"

ఈ వైపు పెద్దవాళ్ల నమ్మకం అది. బట్టతోపాటు తొడిగిన బిడ్డ ఆరోగ్యమూ వస్తుందంటారు. పుట్టిన బిడ్డకు మొదటి చొక్కా కొత్తది వేయరు, బాగా పెరిగిన బిడ్డ విడిచిన పాతది వెతికి తెచ్చి వేస్తారు. అందుకే డాక్టరుగారి అమ్మాయి గౌన్లు పెట్టిన పూటే అమ్ముడుపోయాయి. బొద్దుగా ఉండే ఎల్లైసీ ఏజెంటు కవలల బట్టల కోసం ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలోనే వాదులాడుకున్నారు. ఎంతకీ కదలని అర ఒక్కటే మిగిలింది. అది శ్రీవాణి కన్నకొడుకు తేజేశ్వర్ ది.

తేజును ఊరంతా ఎరుగును. ఆరేళ్లు నిండినా నాలుగేళ్లవాడిలా ఉంటాడు. పన్నెండు నెలలూ జలుబే.

"ఆ పిల్లోడు శానా బక్కగుండాడు గదమ్మా. వాని బట్టలు మాకెందుకులే," అని ఒకామె మొహం మీదే అనేసింది. శ్రీవాణికి ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ఎక్కువగా రోషం వచ్చింది. రోషం వచ్చినప్పుడు తెలివైనవాళ్లు మాట్లాడకుండా ఊరుకుంటారు. శ్రీవాణి ఆదోనిలో ఒక అక్కను కన్నది.

"ఇవి మావాడివి కాదు, మా అక్క కొడుకు ప్రణీత్ వి" అని ఒక్కసారి అని చూసింది. అర సగం ఖాళీ అయింది. ఇక నోటికి అడ్డు లేకపోయింది. ప్రణీత్ పూటకు రెండు కొర్రసంగటి ముద్దలు తింటాడు, పద్యాలు చెబుతాడు, పరుగు పందెంలో వాడిదే ముందు. చివరికి "ఆదోని పిల్లోని బట్టలు ఏమన్నా వచ్చినాయా?" అని వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. ఆ గదిలోనే ఓ మూల కూర్చుని ముక్కు తుడుచుకుంటూ హోంవర్కు చేసుకునే తేజు, ఈ అన్నయ్య గురించి కొనేవాళ్లతోపాటే తెలుసుకున్నాడు.

సంగతి చెవిన పడ్డ అత్తగారు ఒక్క మాటన్నది. "నీకు అక్క ఎప్పుడు పుట్టిందే? అబద్ధమాడినా అతికినట్టుండాల!"

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. కాకిపాటి బుద్ధి కూడా తనకు లేకపోయిందని శ్రీవాణికి తోచకపోలేదు. అయితే అమ్మకం బాగా జరుగుతున్నప్పుడు తోచిన మాటలు ఎక్కువసేపు నిలవవు.

అలాంటి రోజుల్లో పక్కపల్లె నుంచి వెంకటలక్ష్మమ్మ అనే పెద్దావిడ వచ్చింది. భూములున్న రైతు కుటుంబం, మెడలో బరువైన గొలుసు.

"మనవనికి మొదటి సొక్కా గావాల. శానా చిన్నది ఉండాల," అంది. ఎందుకంత చిన్నదో చెప్పలేదు.

ఉన్నవాటిలో అంత చిన్నది ఒక్కటే ఉంది. పసుపు చొక్కా. అంగట్లో ఆ కొలత దొరకక, తేజు పుట్టినప్పుడు శ్రీవాణి చేత్తో కుట్టింది. జేబు మీద బాతును కుట్టబోతే, వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు, ఒంటికాలి కాకి తయారైంది. రెండో కాలు కుట్టేలోగా దారం అయిపోయింది. దాన్ని కాగితంలో చుడుతుంటే చేతులు కాస్త ఆగాయి. అయినా చుట్టింది. "మా ప్రణీత్ ది," అని కూడా అంది.

ఆవిడ మురిసిపోయింది. "బిడ్డను తొట్లో ఏసేనాడు ఆ పిల్లోన్ని పిల్చుకోని రా పాపా. వాని చేత తొట్లె ఊపిస్తాము."

శ్రీవాణి ఇరుక్కుంది. ఒంట్లో బాగాలేదని తప్పించుకుందామంటే, ప్రణీత్ కు జబ్బు అనేదే లేకుండా తనే చేసింది కదా. తుమ్మైనా తుమ్మనిచ్చి ఉంటే ఈరోజు పనికొచ్చేది. చివరకు ఆ రోజుకు వాడు పరుగు పందేలకు బెంగళూరు పోవలసి వచ్చింది. తేజును ఇంట్లో వదిలిపోదామంటే, లడ్లు పెడతారని తెలిసి వాడు ముందే స్కూటీ ఎక్కి నిల్చున్నాడు.

వెంకటలక్ష్మమ్మ ఇంటినిండా ఆడవాళ్లే. సగం మంది శ్రీవాణి దగ్గర బట్టలు కొన్నవాళ్లు. కోడలు సుజన ఒళ్లో బిడ్డకు అప్పుడే పసుపు చొక్కా తొడిగి, గుండీలు పెడుతున్నారు. తేజు జనంలోంచి దూరి బిడ్డను చూశాడు.

"అమ్మా! ఇది నా సొక్కా!"

అందరూ తిరిగి చూశారు.

"మా అమ్మ కుట్టిన బాతు ఇది. సూడండి, ఒక్క కాలే ఉండాది. నేను ఇంతే ఉంటినని మా అమ్మ సూపించింది గదా."

శ్రీవాణి నోట్లో అబద్ధం సిద్ధంగానే ఉంది. అలాంటిదే ఇంకొకటి కుట్టి ఆదోనికి పంపానంటే సరిపోయేది. బంగారంలాంటి అబద్ధం, చక్కగా అతికేది. కానీ తేజు ఆమె వైపే చూస్తున్నాడు. తన చొక్కా తనదేనని అమ్మ చెబుతుందని వాడికి అనుమానమైనా లేదు. ఆ నమ్మకం చూసేసరికి ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది.

"వానిదే," అంది. "ఆదోనిలో నాకెవురూ లేరు. అక్కా లేదు, ప్రణీతూ లేడు. మీరు కొన్న ఆదోని బట్టలన్నీ మా తేజువే."

విసనకర్రలు ఆగిపోయాయి. ఎవరో "ఎంత పని చేసె!" అన్నారు. వెంకటలక్ష్మమ్మ వంగి చొక్కా గుండీ మీద చెయ్యి వేసింది.

"తియ్యి సుజనా. ఆ బక్క పిల్లోడు తొడిగింది మనకొద్దు."

సుజన బిడ్డను గుండెకు అదుముకుంది. "ఉండత్తా." శ్రీవాణి వైపు చూసి అడిగింది. "అక్కా, పుట్టినప్పుడు మీవాడు ఎంత బరువుండె?"

మైదుకూరులో శ్రీవాణి ఎవరికీ చెప్పని మాట అది. "కేజిన్నర. నెలలు నిండలేదు. అద్దాలపెట్టెలో పెట్టినారు. నమ్మకం పెట్టుకోవద్దని డాక్టర్లే చెప్పిరి."

సుజన కళ్లు నిండాయి. అత్త కనుసైగ చేస్తున్నా ఆగలేదు. "మావాడూ అంతే. మొన్ననే ఆ పెట్టెలోంచి ఇంటికి తెచ్చుకున్న్యాము. ఎవురికీ చెప్పల్యా." లడ్ల పళ్లెం దగ్గరికి చేరిన తేజును తేరిపార చూసింది. వాడు అప్పటికే రెండోది కొరుకుతున్నాడు. "ఈ మాట ముందే చెప్పింటే నేనే వచ్చి వాని బట్టలన్నీ తీసుకుందును గదక్కా! తుమ్మని పిల్లోడు నాకెందుకు? అంత లావు పిల్లోనికి ఇంత సొక్కా ఎట్ల పట్టెనా అని పొద్దన్నుంచి నేను అనుకుంటానే ఉండా."

నవ్వులు లేచాయి. శ్రీవాణికీ నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ల అబద్ధంలో ఏనుగు దూరేంత కంత ఉంటే, అది కనపడని బీకాం తనది.

"రా నాయనా, మావాని తొట్లె నువ్వే ఊపు," అని సుజన పిలిచింది. తేజు ఒక చేత్తో లడ్డు, ఒక చేత్తో ఉయ్యాల తాడు పట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ ఊపాడు. వెంకటలక్ష్మమ్మ కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత తనే వాడికి మరో లడ్డు తెచ్చిపెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు స్కూటీ ముందు నిలబడ్డ తేజు అడిగాడు.

"అమ్మా, ఆదోని అన్న ఇంక రాడా?"

"రాడు నాయనా. వాడు లేనే లేడు."

"నేను బక్కగుండానని, వాన్ని తెచ్చుకుంటావేమో అనుకుంటి."

శ్రీవాణి బండి రోడ్డు పక్కన ఆపేసింది. కొడుకును దగ్గరికి లాక్కుని ఊరికే పట్టుకుంది.

"ఊపిరాడల్యా, వదులు," అంటూనే తేజు ఆమె పట్టుచీర కొంగుకు ముక్కు తుడుచుకున్నాడు. ఆమె కొంగు వెనక్కి తీసుకోలేదు.