కబురాకు

సుఊద్ పోయాక ఆ ఇంట్లో ఆమె చెయ్యి ఎరిగిన మొక్క ఒకటి మిగిలింది. కిటికీ గూట్లో, పాత నేతి డబ్బాలో. నూగు పట్టిన మందపాటి ఆకు. నలిపితే నిమ్మతొక్కా తడిమట్టీ కలిసిన వాసన. ఈ మైదానంలో ఇంకెవరింట్లోనూ అలాంటిది లేదు.

ఇక్కడి ఆడవాళ్ళు మల్లెదండలు వేసుకుంటారు. సుఊద్ మాత్రం పొద్దున్నే ఆ మొక్క చిగుళ్ళు గిల్లి, తలగుడ్డ అంచున చెంపపక్కన దోపుకునేది. కొండలవాళ్ళ అలవాటది. మీది ఏ కొండ అని అడిగితే గడ్డంతో తూర్పుకేసి చూపి "పైన" అనేది. అంతే. కరువు ఏడాది గాడిదమీద కూచోబెట్టి తెచ్చుకున్న కోడలు. "మూటెడు జొన్నలకి ఇచ్చేశారు నిన్ను. అదీ ఒక ఊరేనా?" అని అత్తగారు ఒకసారి నలుగురిలో అంది. ఆ మాట పడ్డాక ఊరిపేరు ఆమె నోట రాలేదు. మొగుడు పోయాక కూడా రాలేదు.

కూతురు నుజూమ్‌కి ఇప్పుడు ఆ పేరే కావాలి. చివరి రోజుల్లో తల్లి మగతలో "చెల్లీ, చాప చుట్టకు" అని ఒకటే పలవరింత. ఏ చాపో ఎవరికీ తెలీదు. కానీ చెల్లెలంటూ ఒకావిడ ఎక్కడో ఉండొచ్చు. అక్క పోయిందని ఆవిడకి చెప్పేవాళ్ళు లేరు.

దారి చూపగలిగేది అమ్మతో వచ్చిన మొక్కొక్కటే. ఏ కొండ మొక్కో తెలిస్తే ఏ కొండ మనిషో తెలుస్తుంది. నుజూమ్ ఆకొకటి తెంపుకుని బైత్ అల్ ఫకీ శుక్రవారం సంతకి వెళ్ళింది. మూలికల కొట్టు ముసలాయన వాసన చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇలాంటి నూగాకులు కొండకొకటి ఉంటాయమ్మా. పువ్వు తే, చెప్తాను."

"పుయ్యదు తాతా. నేను పుట్టాక ఒక్కసారీ పూసింది లేదు."

"అయితే గొడ్డుమొక్కే," వెంట వచ్చిన పక్కింటి తఖియ్యా నవ్వింది. "సబ్జా మొక్కకి పిచ్చెక్కితే ఇలాగే ఉంటుంది. మేకకి వేసెయ్యి వదినా."

"నీ నాలుక వేస్తే నయం. ఏడాదంతా మేస్తుంది."

చావు జరిగిన ఇంట్లో దుఃఖం తీరేదాకా ఆడవాళ్ళు పరిమళం ముట్టరు. మల్లె లేదు, అత్తరు లేదు, చిగురు గిల్లే చెయ్యీ లేదు. నుజూమ్ నీళ్ళు మాత్రం పోసేది. కొమ్మలు సాగి కిటికీ చువ్వల్లోంచి బయటికి వంగాయి. ఒక ఉదయం చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కొమ్మల చివర కంకులు వేశాయి. బియ్యపుగింజంత పూలు, బూడిద కలిసిన నీలం.

పుయ్యని మొక్క కాదది. పుయ్యనివ్వని మొక్క. అమ్మ ఇన్నేళ్ళూ గిల్లింది మొగ్గల్నే.

ఆ శుక్రవారం డబ్బాతో సహా చంకనెత్తుకుని తఖియ్యాని తోడు తీసుకెళ్ళింది. మూలికల కొట్టు దాకా పోవాల్సిన పని పడలేదు. కాఫీపొట్టు అమ్మే కొండమనిషి, హమామా అనే ముసలామె, బస్తా వదిలేసి లేచొచ్చింది.

"ఎవరమ్మా నువ్వు? మా కబురాకు నీ దగ్గరికెలా వచ్చింది?"

నుజూమ్ డబ్బా ఆమె ముందుకి చాపింది. "మీదా? ఏ ఊరు పిన్నీ?"

"రైమా కొండలమీద, దారబ్. పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు గుమ్మంపక్కన కొమ్మ విరిచి చేతికిస్తాం. అది అక్కడ పూస్తే ఆ పువ్వు పైకి పంపాలి. పిల్ల మనసు కుదురుకుంది, ఇక రాదు అని కబురు. అప్పుడు ఆ పిల్ల పడుకునే చాప చుట్టి అటకమీద పెట్టేస్తాం."

"పువ్వు రాకపోతే?"

"పరిచే ఉంచుతాం. ఇప్పటికీ ఉంది ఒకరింట్లో. సుఊద్ అని, కరువులో ఇచ్చిన పిల్ల. చెల్లెలు ఆమిదా దాన్ని చుట్టనివ్వదు. ఎలకలు కొట్టిన చోటల్లా మళ్ళీ అల్లుతుందే గాని..." ముసలామె ఆగింది. నుజూమ్ మొహం చూసింది. చెంపపక్క ఖాళీ చూసింది. "ఎప్పుడు పోయిందమ్మా?"

"రంజాన్‌కి ముందు."

హమామా మెల్లగా చెయ్యి చాచింది. "పువ్వియ్యి తల్లీ. పట్టుకెళ్తాను. ఇప్పుడైనా ఆ చాప ఎత్తుతారు."

నుజూమ్ కంకుల్ని చూస్తూ ఉండిపోయింది. తర్వాత అమ్మ గిల్లినట్టే, కణుపు దగ్గర, గోటితో గిల్లడం మొదలుపెట్టింది. ఒక్క కంకీ మిగల్చలేదు. అన్నీ తఖియ్యా గుప్పిట్లో పోసింది.

"అమ్మ సమాధిమీద పెట్టు వదినా."

తఖియ్యాకి ఈసారి వేళాకోళం రాలేదు. "మరి నువ్వో?"

నుజూమ్ హమామా వైపు తిరిగింది. "మీ లారీలో చోటుంటుందా పిన్నీ?"

"బస్తాలమీద కూచోవాలి. నడుము విరుగుతుంది. పైకొచ్చి ఏం చెప్తావు?"

"అమ్మ పోయిందని చెప్తాను. పువ్వు మాత్రం రాలేదనే చెప్తాను. ఆ చాపమీద పడుకుంటాను."

లారీ తూర్పుకి తిరిగింది. డబ్బా నుజూమ్ ఒళ్ళో ఉంది. గిల్లిన చోట్ల తడి ఇంకా ఆరలేదు. దారంతా నిమ్మతొక్క వాసన.