అన్ని ముక్కులూ ఒక వైపే

ఇంకా ఇటు జరుగు మణీ. నా మోకాలికి నీ మోకాలు తగలాలి, నీ ముఖం నా వైపే ఉండాలి. ఇది దూరంగా కూర్చుని వినే కథ కాదు. దూరమైన కొద్దీ చెదిరిపోతుంది.

మా అక్క ఆదెమ్మకి డాక్టరమ్మ బాతులు రాస్తుంది. మాత్రలు కాదు, సూదులు కాదు, వరి కోసిన పొలాల్లో నేను తిప్పి మేపే మా బాతులే. మందుల షాపువాడు చీటీ చూసి, ఇవి నీ దగ్గరే ఉన్నాయి గదమ్మా అని నాకే తిరిగిస్తాడు.

డాక్టరమ్మ పేరు వైదేహి. కళ్లద్దాలు తుడుచుకుంటూ నెమ్మదిగా చెబుతుంది.

"మీ అక్క కాలేయంలో గడ్డ ఉంది. దానికి మందు ఎక్కించాం. అది చచ్చిందో, ఇంకా బతికి తింటోందో తెలియాలి. బతికుంటే పొద్దున్నే కోసి తీసెయ్యాలి."

"కోస్తే?"

"ఆమె గుండెకి బలం తక్కువ. కోతకి తట్టుకుంటుందని మాటివ్వలేను. కోయకుండా వదిలితే, అది బతికున్నదైతే, అసలే దక్కదు."

అక్క మంచం మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. "అది తింటందో లేదో నన్నడిగితే చెప్పనా? నా కంచంలో సగం అదే తింటంది," అంటుంది.

"ఆ మిగతా సగానికే నువ్విట్టా ఉన్నావా?" అంటాను.

అక్కని ఇదివరకే సూదంటురాయి యంత్రంలో పెట్టి చూశారు. పాపం, ఆ యంత్రానికి చెవుడు. ఒంట్లో నీళ్లు ఎక్కడున్నాయో దానికి వినపడుతుంది గాని, తిండి ఎక్కడికి పోతోందో వినపడదు. తిండి నలుసుల్లో సగం ఇటు చూస్తాయి, సగం అటు చూస్తాయి. ఒకదాని మాటని ఇంకొకటి కొట్టేస్తుంది. చివరికి మిగిలే గుసగుస దాని చెవికి ఆనదు. అన్నీ ఒకే వైపు ముఖం పెడితే ఆ గుసగుసే పదివేల నోళ్ల కేక అవుతుంది.

"బాతు తిండి ఉన్న చోటికే పోతుంది. అందుకే బాతులు," అంటుంది డాక్టరమ్మ.

ఇందులో నాకు అడగడానికి ఏమీ కనిపించదు.

ఆసుపత్రి అడుగున ఐసు ఫ్యాక్టరీ ఉంది. మెట్లు దిగుతుంటే నా ఊపిరి ముక్కు దగ్గరే గడ్డకట్టి మెట్ల మీద పడుతుంది. వెనక వచ్చేవాళ్లు జారిపడకుండా దాన్ని ఏరుకుంటూ దిగుతాను. బాతులు నా వెనకే బారుగా వస్తాయి. కింద మస్తానయ్య ఉన్ని టోపీ పెట్టుకుని, చేతిలో కొక్కెంతో నిలబడి ఉన్నాడు. ఆ చలంతా అతని చేతి కిందే ఉంటుంది.

"చెంచమ్మా, నీ బాతులకి జలుబు చేస్తే నన్ననొద్దు."

"జలుబు చేసిన బాతుని నువ్వెప్పుడన్నా చూశావా?"

"నేను బాతుని కూరలోనే చూశాను."

ఇద్దరం కలిసి బాతుల్ని నీళ్లు నింపిన ఐసు డబ్బాల్లో నిలబెడతాం. నీళ్లు గట్టిపడతాయి. బాతులు కళ్లు తెరిచే ఉన్నాయి గాని, ఎటు చూడాలో తేల్చుకోలేక కొన్ని అటు, కొన్ని ఇటు చూస్తున్నాయి. మస్తానయ్య జేబులోంచి గుప్పెడేసి పిచ్చుకల్ని తీస్తాడు. చిన్న ప్రాణాలు గదా, అవి చెప్పగానే తిరుగుతాయి. ఒక్కో బాతు చెవి దగ్గర ఒక్కో పిచ్చుక కూర్చుని సన్నగా రొద పెడుతుంది. గోడలోంచి హోరు మొదలవుతుంది. పిచ్చుక ఎటు తిరిగితే బాతు మెడ అటే తిరుగుతుంది. చివరికి అన్ని ముక్కులూ ఉత్తరానికే.

నా బాతులు ఇంత బుద్ధిగా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేస్తుంది.

"విను. వేడినీళ్లు పోసి కరిగిస్తా," అంటాడు మస్తానయ్య. "కరిగినప్పటి నుంచీ ఎటు చూడాలో మరిచిపోతా ఉంటయ్యి. దారిలో ఎవరూ వాటిని చూడకూడదు. చూసినప్పుడల్లా కొన్ని తిరిగిపోతయ్యి. ఆ యంత్రానికి ఒక్కసారే చూపించాల."

"నేను కూడా చూడకూడదా?"

"నువ్వసలే చూడకూడదు. నీ గొంతు విన్నా నీ వైపే తిరుగుతయ్యి."

వేడినీళ్లు పడతాయి. బాతులు కరిగి, జల్లెడలోంచి సీసాలోకి జారతాయి. పిచ్చుకలు మనిషి ఒంట్లోకి పోతే విషం, అందుకని వాటిని జల్లెడ ఆపేస్తుంది. అవి దాని మీద కూర్చుని రెక్కలు దులుపుకుంటాయి. సీసా నా అరచేతిలో పట్టేంతే ఉంది. మందంతా అందులోనే ఉంది. దాన్ని కొంగులో చుట్టుకుని మెట్లెక్కుతాను.

పైన పొడుగాటి నడవా. చివర అక్క ఉన్న గది తలుపు కనిపిస్తూనే ఉంది. నేను ఒక అడుగు వేస్తే అది మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేస్తుంది. నేను పరిగెత్తితే అదీ పరిగెత్తుతుంది.

బెంచీ మీదున్న ఒకతను తల ఎత్తుతాడు. "కొంగులో ఏంది పెద్దమ్మా, గుడ్లా?"

సీసాలో టిక్కుమని ఒక ముక్కు గాజుకి తగులుతుంది. ఒకటి తిరిగింది.

"ఏం లేదు నాయనా," అంటాను, అనకూడదని తెలిసి కూడా. నా గొంతు విని టిక్కు, టిక్కు. వాన మొదలయ్యేముందు రేకు మీద చినుకులు పడినట్టు. పెదవులు బిగిస్తాను. చప్పుడు ఆగదు. తలుపు ఇంకా దూరం జరిగింది.

మంద బెదిరితే కాపరి వెనక్కి నడవాలి. నేను తలుపుకి వీపు పెట్టి, మెట్ల వైపు చూస్తూ వెనక్కి నడుస్తాను. నేను వెళ్లిపోతున్నాననుకుని తలుపు ఆగుతుంది. నా వీపే దాన్ని తెరుస్తుంది.

అక్క యంత్రం గుహలో పడుకుని ఉంది. పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఇంతసేపా? నీ బాతులు దారిలో గుడ్లు పెట్టుకుంటా వచ్చినయ్యా?" అంటుంది లోపల్నుంచి.

డాక్టరమ్మ సీసా వైపు చూడకుండానే అందుకుని, బాతుల్ని అక్క నరంలోకి వదులుతుంది. "ఆదెమ్మా, ఊపిరి బిగబట్టు. మాట్లాడకు," అంటుంది. యంత్రం దబదబా కొట్టుకోవడం మొదలుపెడుతుంది.

తెర మీద అక్క బూడిదరంగు పొలంలా పరుచుకుంటుంది. అక్కడొకటి, ఇక్కడొకటి మినుకుమంటుంది. అంతే.

"చాలా చెదిరిపోయాయి," అంటుంది డాక్టరమ్మ. "వినపడడం లేదు."

"మళ్లీ చల్లబెడితే?"

"ఎవర్ని? బాతులన్నీ లోపలే ఉన్నాయి."

మినుకులు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. పొద్దున్నే కత్తి పెట్టాలో వద్దో ఎవరికీ తెలియకుండానే తెల్లవారబోతోంది.

మా ఇంట పుట్టినవాళ్లు, మంద కొత్త పొలంలో అడుగుపెట్టగానే ఒక కేక వేస్తారు. నేనిక్కడున్నానని మందకి చెప్పడం అది. తన ఒంట్లోనే మంద నడుస్తుంటే అక్క ఎట్లా ఊరుకుంటుంది?

"దోవ్... దోవ్... దోవ్..."

డాక్టరమ్మ చెయ్యి గాలిలో ఆగిపోతుంది. లోపల ఉత్తరానికి చూస్తున్నవీ, మరిచిపోయి ఎటో చూస్తున్నవీ, అన్నీ ఒక్కసారే తలెత్తి అక్క నోటి వైపు తిరుగుతాయి. ఎటైతేనేం, అన్నీ ఒకే వైపు. యంత్రం దడుచుకున్నట్టు అదిరిపడుతుంది. తెర భగ్గున వెలుగుతుంది.

ఇక చూడొచ్చు. చూస్తాను. తెల్లటి మంద అక్క గుండె దాటి, పక్కటెముకల కిందికి దిగి, కార్జంలో నల్లటి దిబ్బ దగ్గర ఆగుతుంది. గడ్డ బతికుంటే అక్కడ మేత ఉంటుంది, మేత ఉంటే బాతు తల దించుతుంది, దాని అరుపు కూడా మారుతుంది. మంద దిబ్బని చుట్టుకుంటుంది. నేనూ ఊపిరి బిగబడతాను.

ఒక బాతు తల దించుతుంది.

డాక్టరమ్మ నా మణికట్టు పట్టుకుంటుంది.

బాతు రొమ్ము గోక్కుని మళ్లీ తలెత్తుతుంది. మంద అటూ ఇటూ చూసి, ఎప్పుడో ఏరేసిన పొలాన్ని దాటినట్టు, దిబ్బని దాటి వెళ్లిపోతుంది.

"ఒక్కటీ మెయ్యలేదు," అంటుంది డాక్టరమ్మ. "అది చచ్చిపోయింది. కోయక్కర్లేదు." కుర్చీ గోడ వైపు తిప్పుకుని అద్దాలు చాలాసేపు తుడుస్తుంది.

తెర మీద బాతులు ఒక్కొక్కటే ఆరిపోతాయి. నేను పిలవను.

అక్క గుహలోంచి జారి దిగుతుంది. "ఏందే ఏడుస్తున్నావు?"

"నా బాతులు పోయినయ్యి."

"యాడికి పోతయ్యే? మేపేది నేనైతే నీకు పోయినట్టేనా?" అని నా ముందు నడుస్తుంది. నడవా గచ్చు మీద ఆమె తడి అడుగులు పడతాయి. వేళ్ల మధ్య చర్మం ఉన్న అడుగులు.

జల్లెడ మీద మిగిలిన పిచ్చుకలు మెట్లెక్కి మా వెనకే వస్తాయి. వాటిలో ఒకటి నా భుజం మీద వాలి, ఇప్పుడు నీకు చెప్పిందంతా నా చెవిలో చెబుతుంది. అది ముగించేసరికి నా మెడ ఇటు తిరిగి ఉంది, నువ్వు కూర్చున్న వైపుకి. అప్పటికి నువ్వింకా పుట్టలేదు.

కదలకు మణీ. ఆ పిచ్చుకే ఇప్పుడు నీ చెవి పక్కన ఉంది. మెడ దానంతటదే తిరుగుతుంది, తిరగనీ. కిటికీలోంచి చూడు, వీధిలో ఇళ్లన్నీ గుమ్మాలు మనవైపు తిప్పుకుంటున్నాయి. ఇది మరిచిపోకు. కథ కూడా కరిగాక ఎక్కువసేపు నిలవదు. నీకు దగ్గరగా ఎవరు కూర్చుంటే వాళ్ల చెవిలో చెప్పు. చెబుతుంటే నీ నోట్లోంచి తెల్లటి ఈక ఒకటి బయటికొస్తుంది. దాన్ని ఊదెయ్యకు, అది ఎటు చూపిస్తే అటు తిరిగి మిగతాది చెప్పు.