దీపాల కింద అద్దం

ఇల్లరికపుటల్లుడి బతుకే అంత! మామగారు తానా అంటే తాను తందానా అనాలి. ఈ కథలోని అల్లుడు ఆ విద్యలో ఆరితేరినవాడు.

మామగారిది గుడ్ల షెడ్డు. ఫారాల నుంచి వచ్చిన గుడ్లను ఏరి, తుడిచి, ట్రేలకెత్తి ఊరంతా పంపుతారు. పిల్లల ఆసుపత్రి వంటశాలకు గుడ్లు కావాలని తెలిసి, పెంకు మీది క్రిములను చంపే అతినీలలోహిత కిరణాల యంత్రం కొనిపించింది అల్లుడే. గుడ్లు రోలర్ల మీద దొర్లుతూ దీపాల కిందుగా పోతాయి, అంతే పని. ఆసుపత్రి సరేనంటే అల్లుడు ఆ ఇంట్లో మనిషి కింద లెక్క. కాదంటే మళ్లీ ట్రేలు కడుక్కోవడమే.

యంత్రం బిగించినతను అటు వెళ్లాడో లేదో, దీపాలకు దుమ్ము పడుతుందని మామగారు వాటి కింద కిటికీ అద్దమొకటి అమర్చారు.

"ఎలా ఉంది అల్లుడూ?"

మామూలు అద్దం ఆ కిరణాలను దాటనివ్వదని బిగించినతను అల్లుడికి ముందే చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"అద్భుతం మామయ్యా!" అన్నాడు అల్లుడు. ఛీ, ఏం నోరో!

ఇక చూడాలి మామగారి సంబరం. వచ్చిపోయేవాళ్లందరికీ నీలి వెలుగు చూపించడం, రోజూ అద్దం తళతళలాడేలా తుడవడం. దాని కిందుగా క్రిములు హాయిగా ఊరేగుతున్నాయి.

ఆసుపత్రి పంపిన పరీక్షలావిడ పెంకులను దూదితో తుడిచి, ఆ దూదిని పరీక్షకు తీసుకెళ్లింది. తిరిగొచ్చి పెదవి విరిచింది.

"లైటు కిందికెళ్లకముందు ఎన్ని క్రిములున్నాయో, వెళ్లొచ్చాకా అన్నే ఉన్నాయండీ. ఇవాళ ఇంకోసారి తీసుకెళ్తా. ఇదే ఆఖరు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మామగారు ముందు కోళ్లను తిట్టారు, తరవాత గుడ్లు తుడిచేవాళ్లను తిట్టారు. చివరికి అల్లుడి మీద పడ్డారు.

"ఈ దిక్కుమాలిన మెషీను కొనిపించింది నువ్వే కదూ!"

అల్లుడు దొంగకు తేలు కుట్టినట్టు కాసేపు గిజగిజలాడాడు. ఎలాగూ పరువు పోతోంది, ఇంకా దేనికి భయం?

"అద్దమే అడ్డం మామయ్యా. కిరణాలు గుడ్డు దాకా రావట్లేదు. మీరు పెట్టిన రోజే నాకు తెలుసు. చెప్పాలంటే భయమేసింది."

"విన్నారామ్మా? తెలిసీ దాచాడట! తప్పంతా వీడిదే!"

ఔరా! నిజం చెప్పిన పాపానికి తప్పు మొత్తం అల్లుడి నెత్తినే పడింది.

మూల కూర్చుని గుడ్లు ఏరుతున్న అల్లుడి భార్య లేచింది. పుట్టి బుద్ధెరిగాక తండ్రికి ఎదురు చెప్పని మనిషి. వెళ్లి యంత్రం స్విచ్చు ఆపేసింది.

"ఏమండీ, ఆ చివర పట్టుకోండి."

"నా అద్దం!"

"ఆ గుడ్లు తినేది జబ్బు పిల్లలు నాన్నా. జరగండి."

ఇద్దరూ అద్దం ఊడదీసి గోడకు ఆనించారు. స్విచ్చు వేశాక గుడ్లు మళ్లీ దొర్లాయి, రెండు రోజుల్లో ఈసారి పరీక్ష నెగ్గాయి. ఆసుపత్రి సరేనంది.

ఆ సాయంత్రమే మామగారు చుట్టుపక్కల దుకాణాలవాళ్లను పోగేశారు.

"ఆ పరీక్షలావిడకే అంతుపట్టలేదయ్యా. నేనే కనిపెట్టి అద్దం తీయించా!"

అందరూ తలలూపారు. అలవాటుకొద్దీ అల్లుడి తలా ఊగబోయింది. భార్య వైపు చూశాడు. ఆమె ఏమీ విననట్టే ట్రేలు సర్దుకుంటోంది. అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"కాదు మామయ్యా," అన్నాడు. "తీసింది మీ అమ్మాయి."

మామగారి ముఖం మాడిపోయింది. అల్లుడు మాత్రం మాట వెనక్కి తీసుకోలేదు.