గాడిలో దారం

జంపయ్య రోజూ పొద్దున్నే పెళ్లాం కాళ్లు కడుగుతాడు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోనీ, ఆయనకేం పోయింది! కడిగి, తుడిచి, వేళ్ల సందులు కూడా చూడమని భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ చెప్పింది. ఈయన చూస్తున్నాడు, అంతే.

గంగక్కకు షుగరు ముదిరి రెండు పాదాలూ మొద్దుబారిపోయాయి. ముల్లు దిగినా తెలీదు, నిప్పు తొక్కినా తెలీదు. పోయిన వానాకాలం అట్లాగే తెలియకుండా పుండు పడి, కుడికాలి చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది. మళ్లీ అక్కడే పుండు పడితే ఈసారి పాదమే పోతుందని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది.

"పెండ్లి నాడు గూడ నా మొఖం ఇంతసేపు చూడలే నువ్వు. ఇప్పుడు కాళ్లు చూస్తున్నవ్," అంది గంగక్క అరుగు మీద దర్జాగా కూర్చుని.

జంపయ్య నవ్వలేదు. వేలు తీసేసిన చోటికి కొంచెం కింద, పాదం అంచున, ఎర్రటి గీత కనబడింది. సన్నగా, పొడుగ్గా ఉంది.

"ఇదేంది? నొస్తుందా?"

"నొచ్చేదే తెలిస్తే మనకీ తిప్పలెందుకయ్యా?"

ఆయన పాదాన్ని వెలుతురులోకి తిప్పాడు. మిరప చేలో పుల్ల గీరుకుందేమో అన్నాడు. రాయి ఒరుసుకుందేమో అన్నాడు. చేలోకి పోవద్దంటే విన్నావా అని విసుక్కున్నాడు. చెప్పుల మీదికి మాత్రం అనుమానం పోలేదు. ఎట్లా పోతుంది? అవి ఆయన చేత్తో కుట్టిన చెప్పులాయె.

నిజానికి షుగరు ఉన్నవాళ్లకని దవాఖానాలో ఇచ్చిన చెప్పులు కవరుతో సహా చూరుకు వేలాడుతున్నాయి. గంగక్క వాటిని ముట్టుకుంటే ఒట్టు. "చర్ల అంగడి మొత్తానికి చెప్పులు కుట్టినోని పెండ్లాన్ని. ఇంకోని చెప్పులేసుకొని తిరగాల్నా?" అంది. జంపయ్య పైకి కసురుకున్నాడు గానీ లోలోపల పొంగిపోయాడు. కింద దళసరి దున్నపోతు తోలు, పైన మెత్తటి తోలు వేసి, చుట్టూ మైనం పట్టించిన దారంతో కుట్టి ఇచ్చాడు. కుట్టాక వాళ్ల నాయన నేర్పినట్టు సుత్తితో మెల్లగా కొట్టి, కుట్టు వెంబడి బొటనవేలు తిప్పాడు. ఆ ఇంట్లో అదే పద్ధతి. బొటనవేలు ఊ అంటే చెప్పు గడప దాటుతుంది, లేదంటే కుట్టు మొత్తం విప్పాల్సిందే.

ఆ మధ్యాహ్నం బస్సుకు కూతురు ప్రమీల వచ్చింది. ఖమ్మంలో తోలు సంచులు కుట్టే కార్ఖానాలో పని చేస్తుంది. వస్తూనే తల్లి పాదం చూసింది, మొహం మాడ్చుకుంది, చెప్పు చేతిలోకి తీసుకుని అంచు వెంబడి వేలు పోనిచ్చింది.

"నాయినా, దారం పైకి లేచి ఉంది. గరుకు తగుల్తుంది. అమ్మ పాదం దీనికే ఒరుసుకుంటుంది."

జంపయ్య దగ్గాడు. కోపం వస్తే ఆయన అరవడు, దగ్గుతాడు. చెప్పు అందుకుని తన బొటనవేలితో చుట్టూ తిప్పి చూశాడు.

"వెన్నలెక్క ఉంది. నువ్వు పుట్టకముందు నుంచి కుడుతున్న నేను."

"నేను కాదన్ననా? నీ వేలే నీకు అబద్ధం చెప్తుంది."

ఆయన కోపం సంగతి ఎట్లాగూ వచ్చింది కాబట్టి ఒక ముక్క చెప్పాలి. జంపయ్య ఎదుట ఎవరూ చెప్పు పేరెత్తి తిట్టరు. వెనకటికి ఊళ్లో ఒక పెద్దమనిషి మాటా మాటా పెరిగి, కాలి చెప్పు తీసి ఈయన మొహం మీద ఆడించాడు. కొట్టలేదు, ఆడించాడు. పైగా ఆ చెప్పు కుట్టింది జంపయ్యే! ఆ పూట నుంచి ఆ ఇంటికి ఒక్క కుట్టు వేయలేదు. ఆ పెద్దమనిషి కొడుకు బండి మీద వచ్చి బతిమాలినా, దగ్గి ఊరుకున్నాడు. పొద్దంతా ఒళ్లో చెప్పులు పెట్టుకుని పని చేసే మనిషి, మొహం దరిదాపులకు మాత్రం చెప్పును రానీయడు. పళ్లతో దారం తెంపాల్సి వచ్చినా చెప్పును దూరంగా పట్టుకుని, దారాన్నే నోటి దాకా లాక్కుంటాడు.

ప్రమీల ఆ తండ్రి కూతురే కదా, మొండితనంలో ఏమీ తక్కువ తినలేదు. పీట మీద ఒక మైనం దారం అడ్డంగా లాగి, రెండు కొసలూ మేకులకు కట్టింది.

"కండ్లు మూసుకో నాయినా. బొటనవేలితో పీటంతా తిప్పి, దారం యాడుందో చెప్పు."

"చిన్నపిల్లల ఆటలు నాతో ఆడకు."

"ఆడవయ్యా, ఏం పోయింది? బిడ్డ అడుగుతుంది గదా," అంది గంగక్క.

జంపయ్య కళ్లు మూసుకున్నాడు. పీట ఈ చివర నుంచి ఆ చివరకు వేలు జరిపాడు. మళ్లీ వెనక్కి జరిపాడు. ఒకచోట ఆపి, "ఇగో, ఈడుంది," అన్నాడు ధీమాగా.

 కళ్లు తెరిచాడు. దారం జానెడు అవతల ఉంది.

ఆయన బొటనవేలిని ఎండలోకి తిప్పి చూసుకున్నాడు. ఆరె పట్టుకుని తోలుకు చిల్లులు పొడిచి పొడిచి, దారం బిగించి బిగించి, వేలి చర్మమంతా కాయ కట్టి గట్టిపడింది. ఎన్నాళ్ల నుంచి ఆ వేలు ఊరికే ఊ అంటోందో! పెళ్లాం పాదానికి తెలీదు, తన చేతికీ తెలీదు. మధ్యలో దారం తన పని తాను చేసుకుపోయింది. అయ్యో, ఆ తెగిన వేలికి కూడా తన కుట్టే కారణమా అన్న ఆలోచన రాగానే ఆయనకు కళ్లు చెమర్చాయి. దగ్గు మాత్రం రాలేదు.

ప్రమీల సంచిలోంచి ఒక పనిముట్టు తీసింది. కలమంత పిడి, కొసన చిన్న గుండ్రటి పదును, పక్కనే ఒక ఇనుప కాలు.

"దీన్ని మేం గ్రూవర్ అంటం. ఈ కాలు తోలు అంచును పట్టుకొని నడుస్తది, పక్కన ఈ పదును గాడి తీస్తది. గాడిల దారం కూసుంటే, పైన పాదం పెట్టినా తగలదు."

"మంచి తోలు మొఖం గీకాల్నా?" అన్నాడు జంపయ్య. అలవాటు కొద్దీ అన్నాడే గానీ చెయ్యి అప్పటికే చాచాడు.

మొదటిసారి ఒక పాత తోలు ముక్క మీద, రంపెతో తోలు కోసినట్టు భుజం బలమంతా పెట్టి లాగాడు. పదును కసుక్కున దిగి, ముక్క సగానికి తెగింది. "ఖతం," అన్నాడు.

"నాయినా, అది రంపె కాదు. తోలుకు కొంచెం తడి పెట్టి, మెల్లగ నీ దిక్కు గుంజు. ఒక్కసారికే లోతు పోవద్దు. పోయిన దారినే మళ్ల పో."

ఈసారి మెల్లగా లాగాడు. తోలులోంచి సన్నటి పోగు లేచి, కొబ్బరి తురుములా చుట్టుకుని ఒళ్లో పడింది. జంపయ్య దాన్ని తీసి వెలుతురులో పట్టుకుని చూసి నవ్వాడు. పొద్దున్నుంచి ఆ ఇంట్లో ఆయన నవ్వడం అదే మొదలు. "అబ్బ, ఎంత ముద్దుగ వచ్చింది చూడే," అని పెళ్లానికి చూపించాడు.

మర్నాడు ప్రమీల పనికి పోతూ ఆ గ్రూవర్ తండ్రి దగ్గరే వదిలేసింది. పాత జత తీసి అవతల పెట్టి, గంగక్కను గడప దాటనీయకుండా మంచం మీదే కూర్చోబెట్టి, జంపయ్య కొత్త జత మొదలుపెట్టాడు. తడిపాడు, గాడి తీశాడు, గాడి వెంబడే ఆరెతో చిల్లులు పొడిచాడు, దారం బిగించాడు. దారం గాడిలో ఒదిగి పడుకుంది. సుత్తితో మెల్లగా కొట్టి, అలవాటుగా బొటనవేలు ఆనించబోయి ఆగిపోయాడు.

ఈ వేలు మాట ఇక ఎట్లా నమ్ముతాడు? కూతురేమో ఖమ్మంలో ఉంది. పక్కింటివాళ్లను పిలవొచ్చు, వాళ్ల చేతులూ మిరప చేలల్లో మోటుబారినవే. అయినా పెళ్లాం పాదం సంగతి పక్కింటి చేతికి వదిలేసే మనిషి కాడాయన. చెప్పులు పీట మీద పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు.

తిరిగొచ్చేసరికి గడ్డం నున్నగా గీయించుకుని ఉన్నాడు. గంగక్క నోరు నొక్కుకుంది.

"మంగళారం పూట గడ్డమేంది? మళ్ల పెండ్లిచూపులకు పోతున్నవా?"

 జంపయ్య పీట ముందు కూర్చుని కుడికాలి చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. ఒక క్షణం దాన్నే చూశాడు. తర్వాత కళ్లు మూసుకుని, దాన్ని ఎత్తి చెంపకు ఆనించుకున్నాడు.

"ఓయమ్మో! ఏం పని చేస్తున్నవయ్యా! మొఖానికి చెప్పా! నీకేమన్న పిచ్చి లేసిందా?" గంగక్క మంచం మీంచి లేచి నిలబడింది.

"అరవకు. చూడనీయ్."

చెప్పును చెంప మీద మెల్లగా జరిపాడు. మడమ దగ్గర నుంచి అంచు వెంబడి నున్నగా పోయింది. చిటికెన వేలు ఉండాల్సిన చోటికి వచ్చేసరికి చెంపకు చిన్న గరుకు తగిలింది. దారం ముడి పడ్డ చోటు.

"ఇగో. ఈడ లేచింది," అన్నాడు. "నీ కాలికి తెల్వదు, నా చేతికి తెల్వదు. మనిద్దరిల తెలిసేది గీ చెంపకే గంగా. గడ్డముంటే దీనికీ తెల్వదని గీయించుకున్న."

 ఆ పెద్దమనిషి చెప్పు ఆడించిన రోజు ఈ మనిషి అన్నం ముట్టకుండా గోడకు తిరిగి పడుకోవడం గంగక్కకు నిన్నటి సంగతిలా ఉంది. అప్పుడు కూడా ఆమెకు ఏడుపు రాలేదు, ఇప్పుడు ముంచుకొచ్చింది.

జంపయ్య ఆ ముడి విప్పాడు. అక్కడ గాడి ఇంకొంచెం లోతు చేసి, ముడిని రెండు తోళ్ల మధ్యకు తోసి, కుట్టు బిగించాడు. మళ్లీ చెంపకు పెట్టుకున్నాడు. మడమ నుంచి మడమ దాకా చుట్టూ తిప్పాడు. ఎక్కడా తగల్లేదు.

"అవ్," అన్నాడు తనలో తనే.

గంగక్క గోడ పట్టుకుని పీట దగ్గరికి వచ్చింది. ఎడమకాలి చెప్పు తీసింది. దాని మీద దుమ్మేమీ లేకపోయినా కొంగుతో శుభ్రంగా తుడిచి, రెండు చేతులతో మొగుడికి అందించింది.

"ఇది గూడ చూడు," అంది.

జంపయ్య దాన్ని అందుకుని, మొహం అటు తిప్పి, రెండో చెంపకు ఆనించుకున్నాడు.